దగ్గుమందు తాగినవారికి ప్రవేశం లేదు

సోమవారం ఉదయం పదిన్నరకు, మందు ఇవ్వని ఎలుక మెదడులో మందు కనిపించింది.

యంత్రం ముందు కూర్చున్నావిడ తెర మీది గీతను చూసింది. నేలబారుగా వస్తున్న గీత ఒకచోట లేచి, దిగి, మళ్లీ నేలబారుగా సాగింది. లేవకూడని చోట లేచింది. ఆవిడ తొడుగు వేసుకున్న వేలితోనే కళ్లజోడు పైకి తోసుకుని సీసా మీది అంకె చూసింది. ఉప్పునీళ్ల గుంపు. ఆ గుంపులోని ఎలుకలకు సూది వేస్తారు గానీ సూదిలో ఉప్పునీళ్లు తప్ప ఏమీ ఉండదు. తర్వాతి సీసా పెట్టింది. అదీ ఆ గుంపుదే. అక్కడా గీత లేచింది. భోజనాల వేళకు ఆ గుంపులోని ఆరు సీసాలూ నడిచాయి. ఆరింటిలోనూ మందు ఉంది. కొంచెమే. కానీ ఉంది.

ఆవిడ ఖాళీ సీసా ఒకటి తీసింది. మెదడూ లేక, మందూ లేక, ఉత్త ద్రావకం పోసిన సీసా అది. నెల మొదట్లోనే ఒక పెట్టెడు నింపి మూతలు బిగించి పెట్టుకుంటుంది. యంత్రంలో పాత మందు ఏ మూలనైనా అంటుకుని ఉంటే ఈ సీసా నడిపినప్పుడు బయటపడుతుంది. గీత ఆ కొస నుంచి ఈ కొస దాకా పడుకునే ఉంది. యంత్రం శుభ్రంగా ఉంది.

ఆమెను ఆ పరిశోధనశాలలో ఎదురుగా మేడమ్ అంటారు, చాటుగా యంత్రమ్మ అంటారు. చాటుగా అనేది ఆమె చెవిన పడిందని వాళ్లకూ తెలుసు. ఆమె పట్టించుకోలేదు. యంత్రమ్మ లెక్క చెప్పిందంటే మరొకరు సరిచూడరు. అది ఆ భవనంలో ఎవరూ రాయని నియమం.

మందు పేరు డెక్స్‌ట్రోమెథార్ఫాన్. పొడిదగ్గుకు దుకాణంలో అమ్మే సిరప్‌లలో చాలావాటిలో ఉండేది అదే. ఈ భవనంలో దానితో పని వేరు. మెదడులో ఒక కణం ఇంకో కణానికి కబురు చెప్పడానికి గ్లూటమేట్ అనే పదార్థాన్ని వదులుతుంది. మెదడుకు రక్తం అందనప్పుడు అది కట్ట తెగినట్టు వచ్చి పడుతుంది. కబురు అందుకోవలసిన కణం ఆ కబుర్ల కిందే నలిగి చస్తుంది. ఈ మందు వెళ్లి కణం గుమ్మంలో అడ్డంగా కూర్చుంటుంది. ఎంత మందు మెదడుకు చేరితే ఎన్ని కణాలు బతుకుతాయన్నది పిట్ట చేస్తున్న పరిశోధన. ఎంత చేరిందో కొలిచి చెప్పడం యంత్రమ్మ వంతు.

పిట్ట అంటే చివరి ఏడాదిలో ఉన్న పరిశోధక విద్యార్థిని. నోరు ఆగదు కాబట్టి ఆ పేరు. నడిచినా పరుగులాగే ఉంటుంది. టీ కప్పు ఎక్కడ పెట్టిందో ఆమెకే గుర్తుండదు. అందుకే యంత్రమ్మ మధ్యాహ్నం పెద్దాయన గదికి వెళ్లి విషయం చెప్పినప్పుడు, ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఆ విభాగానికి అధిపతి ఆయన.

"యంత్రం సంగతి?"

"శుభ్రంగా ఉంది సార్. ఖాళీ సీసా నడిపాను."

"అయితే?"

"సూదులు తారుమారై ఉండాలి."

ఆయన ఫోన్ తీసి పిట్టను పిలిచారు. ఆమె మెట్ల మీద నుంచే మాట్లాడుకుంటూ వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి ఆగింది.

"ఉప్పునీళ్ల ఎలుకలకు మందు ఇచ్చావా?" అన్నారు పెద్దాయన.

"నేనా? లేదు సార్."

"ఆరింటిలో ఉందమ్మా."

"ఉండదు సార్. మందు సిరంజీలకు ఎర్ర టేపు చుడతాను, నీళ్లవాటికి తెల్లది. తెల్లవన్నీ అయ్యాకే ఎర్రవాటి మీద చెయ్యి వేస్తాను. నేను గోలమనిషినే, కాదనను. సూది పట్టుకుంటే మాత్రం నోరు తాళం పడుతుంది. కావాలంటే జంతువుల గదిలో ఎవర్నైనా అడగండి."

"ఆ వేళ గదిలో ఎవరున్నారు?"

"ఎలుకలు."

పెద్దాయన నవ్వలేదు. పిట్ట యంత్రమ్మ వైపు తిరిగింది. "అక్కా, మీరైనా చెప్పండి."

"నేను చూసిందే చెప్పాను," అంది యంత్రమ్మ.

గురువారం జంతువుల సంక్షేమ కమిటీ కూర్చుంటుంది. సూదులు తారుమారయ్యాయంటే ఆ ఎలుకల ప్రాణాలు ఊరికే పోయినట్టు. కమిటీ దాన్ని చిన్న తప్పుగా తీసుకోదు. పిట్ట అనుమతి రద్దు చేస్తారు. జంతువుల గదిలోకి వెళ్లనిదే ఆమె పరిశోధన పూర్తి కాదు, పట్టా రాదు. పెద్దాయన ఈ మాటలేవీ అనలేదు. చెయ్యి చాచారు. పిట్ట మెడలోని కార్డు తీసి బల్ల మీద పెట్టింది. తాడు చుట్ట చుట్టి మరీ పెట్టింది.

మంగళవారం ఉదయం యంత్రమ్మ ఇంట్లో మామగారు మంచం మీద కూర్చుని దగ్గుతున్నారు. పొడిదగ్గు. పట్టుకుంటే ఒక పట్టాన వదలదు. ఆయన ఒకప్పుడు దర్జీ. ఇప్పుడు చేతులు వణుకుతాయి. చొక్కా గుండీలు తనే పెట్టుకుంటారు, ఎంతసేపు పట్టినా ఇంకొకరిని పెట్టనివ్వరు. మందు మాత్రం కోడలే పొయ్యాలి.

"మీ అబ్బాయి పోస్తాడు మామయ్యా. నాకు టైమవుతోంది."

"వాడు పోస్తే మూతలో సగం, మంచం మీద సగం. దుప్పటికి దగ్గు తగ్గుతోంది గానీ నాకు తగ్గడం లేదు."

వంటింట్లోంచి భర్త అన్నాడు: "విన్నాలే నాన్నా."

"వినాలనే అన్నానురా."

ఆమె సీసా అందుకుంది. ఎర్ర మందు. పేరు చదివే వీలు లేదు. దుకాణంవాడు ఉదయం ఒక మూత, రాత్రి ఒక మూత అని రాసిన కాగితాన్ని సరిగ్గా పేరు మీదే అతికించాడు. భర్త తెచ్చిన నాటి నుంచీ ఇంట్లో దాన్ని ఎర్ర మందు అనే అంటున్నారు. చక్కెర పాకానికి సీసా మూత బిగుసుకుపోయింది. గట్టిగా తిప్పితే వచ్చింది. కొలత మూతను కళ్ల ఎత్తుకు పట్టుకుని గీత దాకా పోసింది. వంగినప్పుడు కళ్లజోడు జారింది. పైకి తోసుకుంది. ఆయన నోటికి మూత అందించి, తాగాక కడిగి, తన చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంది. ఇరవై సెకన్లు కడగడం ఆమెకు పని నేర్పిన అలవాటు.

"అమ్మాయ్, నిన్నటి నుంచి మొహం అదోలా ఉంది," అన్నారు మామగారు.

"ఏం లేదు మామయ్యా. మా ఆఫీసులో ఒక అమ్మాయి పొరపాటు చేసింది."

"చిన్నదా, పెద్దదా?"

"పెద్దదే."

"పొరపాటు కాదు, అమ్మాయి."

"ఆ అమ్మాయా? చిన్నదే."

"ఊఁ," అని ఆయన మళ్లీ దగ్గారు.

యంత్రం గది తలుపు మీద ఒక కాగితం ఉంటుంది. దగ్గుమందు తాగినవారికి ప్రవేశం లేదు. యంత్రమ్మే రాసి అంటించింది. కొత్తగా వచ్చినవాళ్లు అది చూసి నవ్వుతారు, ఎవరైనా పక్కకు తీసుకెళ్లి చెబితే ఆపుతారు. యంత్రం చెరువులో చిటికెడంత మందు వేసినా కనిపెట్టే రకం. సిరప్ తాగినవాడు ఒకసారి దగ్గినా తుంపర చాలు, పని చెడుతుంది. కిందటి నెలలో పిట్టకు జలుబు చేసినప్పుడు యంత్రమ్మ ఆమెను గుమ్మంలోనే నిలబెట్టింది. "మందు తాగలేదక్కా, మిరియాలు నమిలాను, ఒట్టు," అని పిట్ట నోరు తెరిచి చూపించింది. అయినా ఆ వారమంతా రానివ్వలేదు.

ఈవేళ పిట్ట వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. కార్డు లేదు కాబట్టి ఏ తలుపూ తెరుచుకోదు. ఎవరైనా తెరిస్తే వెనకాలే వెళ్లవచ్చు, వెళ్లలేదు.

"టీ తాగావా?" అంది యంత్రమ్మ.

"తాగాను మేడమ్."

యంత్రమ్మ తాళం తిప్పబోతూ ఒక క్షణం ఆగి, లోపలికి వెళ్లింది.

పెద్దాయన ఫోన్ చేశారు. ఉప్పునీళ్ల ఎలుకలకు ఎంత మందు పడిందో కమిటీ అడుగుతుంది, లెక్క కట్టి ఉంచమన్నారు. మోతాదు లెక్క కట్టాలంటే మందు ఒక్కటే కొలిస్తే చాలదు. మందు ఒంట్లోకి వెళ్లాక కాలేయం దాన్ని ఊరికే వదలదు. ఒక కొస కత్తిరించి ఇంకో పదార్థంగా మారుస్తుంది. దాని పేరు డెక్స్‌ట్రార్ఫాన్. ఎలుక కాలేయం ఈ పనిలో మరీ చురుకు. సూది వేసిన కాసేపటికే మెదడులో రెండూ కనిపిస్తాయి, మందూ, మందు మారిన రూపమూ. రెండూ కూడితేనే ఎంత పడిందో తెలుస్తుంది.

మందు ఇచ్చిన ఎలుకల సీసాల్లో, మారిన రూపాన్ని చూపే రెండో గీత కొండలా లేచింది. ఉప్పునీళ్ల ఎలుకల సీసాల్లో లేవలేదు. మొదటిదానిలో లేవలేదు. రెండోదానిలో లేవలేదు. ఆరూ చూసింది. మందు ఉంది. మారిన రూపం లేదు. ఆ మందు ఏ కాలేయాన్నీ చూడలేదు. ఆ ఎలుకల ఒంట్లోకి వెళ్లనే లేదు. సూది వేసినచోట తప్పు జరగలేదు.

ఆమె పెద్దాయనకు ఫోన్ చేసి చెప్పింది.

"అయితే ఎలుక చచ్చాక కలిసిందన్నమాట," అన్నారాయన.

"అవును సార్."

"మెదడు తీసి గొట్టాల్లో పెట్టింది ఎవరు?"

"పిట్ట."

"మందు పొడి తూచింది?"

"పిట్టే."

"మరింకేం? పొడి అంటిన చేత్తో గొట్టాలు పట్టుకుంది. సూది తప్పు కాకపోతే చేతి తప్పు. ఎలుకలు ఎటూ పోయాయి కదమ్మా. ఒకసారి రెండో సగం చూడండి."

ప్రతి మెదడునూ రెండు సగాలు చేసి, ఒక సగం యంత్రానికి పంపి, రెండో సగం గడ్డకట్టించి దాస్తారు. యంత్రమ్మ ఒక ఉప్పునీళ్ల ఎలుక రెండో సగాన్ని తీసింది. గింజంత ముక్క. మొదటి సగాలకు చేసినట్టే తూచి, ద్రావకం పోసి, నూరింది. గొట్టాన్ని వేరే చిన్న యంత్రంలో పెట్టి గిరగిరా తిప్పి, పైకి తేలిన నీళ్లను పీల్చి బుల్లి సీసాలోకి వదిలింది. గొట్టాల మూతలు బొటనవేలితో ఎగదోసి తెరవాలి. తెరిచిన ప్రతిసారీ ముందుకు వంగుతుంది, కళ్లజోడు జారుతుంది, చూపుడువేలితో తోసుకుంటుంది. తొడుగులు కొత్తవి. పని నిదానంగా చేసింది. అనుమానానికి తావివ్వకూడదని మరీ నిదానంగా చేసింది.

గీత లేచింది. సోమవారం కంటే కాస్త ఎక్కువే లేచింది.

గొట్టాల్లోనే కలిసింది, పిట్ట గొట్టాల్లో. రిపోర్టులో అదే రాసి, సంతకం పెట్టకుండా ఉంచి ఇంటికి వెళ్లింది.

బుధవారం ఉదయం సీసా మూత అసలు రాలేదు. ఆమె వేడినీళ్ల కింద పట్టింది. మూతతో పాటు దుకాణంవాడి కాగితమూ ఊడి చేతికి వచ్చింది.

"హమ్మయ్య, ముసుగు తీసింది," అన్నారు మామగారు. "పేరేమిటో చదువు. ఇన్నాళ్లూ పేరు తెలియనివాడి చేతిలో నా గొంతు పెట్టాను."

ఆమె సీసా వెలుగుకు పట్టుకుంది. అక్షరాలు చిన్నవి. మొదటి పేరు చదివింది. మళ్లీ చదివింది.

"ఏమిటమ్మా? అంత పెద్ద పేరా?"

"డెక్స్‌ట్రోమెథార్ఫాన్."

"ఎక్కడో విన్నట్టుంది."

"మా మందు మామయ్యా. మేం ఎలుకలకు ఇచ్చేది."

ఆయన దగ్గూ నవ్వూ కలిసిపోయి కాసేపు మాట్లాడలేకపోయారు. "అంటే ఎలుకలకు పెట్టిందే మామకు పెడుతున్నావన్నమాట! ఒరేయ్, విన్నావట్రా? మీ ఆవిడ నన్ను కూడా ప్రయోగంలో కలిపేసింది! మరి నాకు తోక మొలిస్తే కొలతలు ఎవరు తీసుకుంటారు? నేనే దర్జీని, నేనే తీసుకోవాలి!"

ఆమె నవ్వలేదు. రెండో పేరు చదువుతోంది. క్లోర్‌ఫెనిరమిన్. ముక్కు కారకుండా కలిపేది. తమ పరిశోధనశాలలో ఉన్న మందు పొడిలో అది ఉండదు. ఆ పొడి స్వచ్ఛం.

"తాగండి మామయ్యా," అని మూత అందించింది. అందించి, కుడిచెయ్యి ముక్కు దాకా వెళ్లి కళ్లజోడు మీద ఆగింది. అక్కడే ఉండిపోయింది. ఆ వేలికి ఎర్రటి జిగురు ఉంది.

"ఏమైంది?" అన్నాడు భర్త, గుమ్మంలోంచి.

"సబ్బుతో చేతులు కడుక్కుంటాను కదా."

"కడుక్కుంటావు. నీళ్ల బిల్లంతా నీదే."

"కళ్లజోడు కడగను."

యంత్రం గది తలుపు దగ్గర ఆమె ఆ వేళ కొంతసేపు నిలబడింది. తాగినవారికి ప్రవేశం లేదు. తను తాగలేదు. పోసింది. రాసేటప్పుడు పోసేవాళ్లు గుర్తుకు రాలేదు.

కళ్లజోడు తీసి ప్లాస్టిక్ సంచిలో పెట్టింది. బీరువాలోని పాత జోడు పెట్టుకుంది. దూరానివి కాస్త మసకగా కనిపించాయి. సోమవారం సీసాలు ఇంకా పళ్లెంలోనే ఉన్నాయి. వాటిలో ఈసారి క్లోర్‌ఫెనిరమిన్ వెతికింది. ఆరింటిలోనూ ఉంది. మందు ఇచ్చిన ఎలుకల సీసాల్లో చూసింది. అక్కడా ఉంది. వాటిలో అసలు మందే అంతెత్తున ఉండడంతో పైన పడిన నాలుగు చినుకులు ఎవరికీ కనబడలేదు. పెట్టెలోంచి ఖాళీ సీసా తీసి నడిపింది. లేదు. ఖాళీ సీసాలు నెల మొదట్లో నింపినవి. అప్పటికి మామగారికి దగ్గు లేదు. మూత బిగించాక వాటిని తెరవలేదు, నూరలేదు, వాటి మీద వంగలేదు. మెదడు ముక్క నడిచిన దారి అవి నడవలేదు. నడవని దారి శుభ్రంగా ఉందని అవెలా చెబుతాయి? సోమవారం ఆ సంగతి ఆమె ఆలోచించలేదు.

దూది పుల్లలు తీసుకుని తన చేతిసంచి పట్టీ, గడియారం, కలం, కళ్లజోడు వేర్వేరుగా తుడిచింది. ఒక్కోదానికి కొత్త తొడుగులు. ద్రావకంలో ముంచి ఒక్కొక్కటే యంత్రానికి ఇచ్చింది. పట్టీలో లేదు. కలంలో లేదు. గడియారంలో జాడ. కళ్లజోడు ముక్కు మీద ఆనేచోట గీత తెర పైఅంచు దాటి పోయింది. రెండు మందులూ ఉన్నాయి.

పెద్దాయన మొత్తం విన్నారు. విన్నాక తలుపు మూసి వచ్చి కూర్చున్నారు.

"ఎవరికైనా చెప్పారా?"

"ఇంట్లో."

"ఎన్నాళ్లుగా పోస్తున్నారు ఆ మందు?"

"మూడు వారాలు కావస్తోంది."

"ఈ మూడు వారాల్లో మీరు ఇంకో రెండు బృందాల కొలతలు కూడా చేశారు."

"చేశాను. అవీ మళ్లీ చెయ్యాలి."

"చూడండమ్మా. బయటి నుంచి కలిసింది, ఎక్కడి నుంచో తెలియలేదు అని రాయండి. అందులో అబద్ధం ఏమీ లేదు. పిట్ట బయటపడుతుంది. మీరూ బయటపడతారు. కళ్లజోడు సంగతి కమిటీ చెవిన పడిందంటే ఈ ల్యాబ్ నుంచి వెళ్లిన ప్రతి అంకెనూ తవ్వుతారు. మీ మాట మీద నడుస్తోంది ఈ చోటు."

"తెలియలేదు అంటే పిట్టే అనుకుంటారు సార్. సోమవారం నేనూ అలాగే అనుకున్నాను. నన్నెవరూ అనుకోమనలేదు."

"మీరు కావాలని చేసింది కాదు కదా."

"పిట్ట కావాలని చేసిందా అని మనం అడగలేదు."

ఆయన కళ్లద్దాలు తీసి తుడవబోయి, ఆమె వైపు చూసి, మళ్లీ పెట్టుకున్నారు. "రాత్రి ఆలోచించుకోండి."

"ఆలోచించే వచ్చాను."

పిట్ట వరండా చివర మెట్ల మీద కూర్చుని ఏదో కాగితం మడతలు పెడుతోంది. యంత్రమ్మ పక్క మెట్టు మీద కూర్చుంది. చెప్పవలసింది చెప్పింది. కాలేయం సంగతి, రెండో మందు సంగతి, కళ్లజోడు సంగతి. పిట్ట మడతలు పెట్టడం ఆపలేదు. మడిచి మడిచి కాగితం ఇక మడత పడనంత చిన్నదైంది.

"నిన్న రెండో సగం కూడా చేశారట."

"చేశాను."

"దానిలోనూ వచ్చిందట."

"నా చేతిదే. నేను ఎంత జాగ్రత్తగా చేస్తే అంత ఎక్కువ వచ్చింది. వంగి చేశాను కదా."

పిట్టకు నవ్వు రాబోయింది. రానివ్వలేదు. "మొన్న జలుబు చేసినప్పుడు నేను నోరు తెరిచి చూపించినా రానివ్వలేదు."

"అవును."

"మీ కళ్లజోడు తియ్యమని ఎవరనాలి మేడమ్?"

యంత్రమ్మ పాత జోడు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"అందుకు కాదు నాకు బాధ," అంది పిట్ట. ఎప్పుడూ గడగడా మాట్లాడే మనిషి ఒక్కో మాటా ఏరుకుంటోంది. "సోమవారం మీరు నా దగ్గరికి రాలేదు. ముందు పెద్దాయన దగ్గరికి వెళ్లారు. 'ఏమే, ఏం చేశావే?' అని ఒక్క మాట అడిగి ఉంటే తిట్టినా పడేదాన్ని. మీరు అడగలేదు. చెప్పారు, అంతే."

"అవును. అడగలేదు."

"రేపు వాళ్లకు ఇదంతా ఇలాగే చెబుతారా?"

"ఇలాగే."

పిట్ట లేచి కాగితాన్ని చెత్తబుట్టలో వేసి కిందికి దిగిపోయింది. ఈసారి పరుగెత్తలేదు.

గురువారం ఉదయం మందు భర్త పోశాడు. సగం దుప్పటి మీదే పడింది. మామగారు ఏమీ అనకుండా మూతలో మిగిలింది తాగారు.

"అమ్మాయ్, నా దగ్గు నీ ఉద్యోగం మీదికి వచ్చిందా?"

"మీ దగ్గు కాదు మామయ్యా. నా ముక్కు. జోడు నిలవదు దాని మీద."

"చెప్పవు కదా. దారం కట్టి ఇచ్చేవాడిని, మెడ వెనక్కి. జారేది కాదు." ఆయన తన చేతుల వైపు చూసుకున్నారు. "దారం ఎక్కించేవాళ్లు ఎవరైనా ఉంటే."

కమిటీలో అయిదుగురు. ఒకాయన పశువైద్యుడు. ఆయన ముందున్న కాగితాల మీద సూదులు తారుమారు అన్న మాట ఉంది. దాన్ని రాయించింది సోమవారం యంత్రమ్మ చెప్పిన మాటే. పెద్దాయన నిలబడి, కొత్త విషయాలు తెలిశాయి, యంత్రం చూసేవారు స్వయంగా చెబుతారు అని కూర్చున్నారు. బయటి నుంచి కలిసింది, ఎక్కడి నుంచో తెలియలేదు అన్న వాక్యం ఆయన ముందున్న కాగితం మీద టైపు చేసి ఉంది. ఆయన దాన్ని తిరగేసి పెట్టారు.

యంత్రమ్మ చెప్పింది. గీతల బొమ్మలు వరసగా పరిచింది. ఎర్ర మందు అన్నప్పుడు ఒకావిడ "ఏమిటీ?" అంది. దగ్గుమందు అని చెప్పింది.

"మీ గది తలుపు మీద దగ్గుమందు గురించి బోర్డు ఉంటుందట కదా," అన్నాడు పశువైద్యుడు.

"ఉంది. నేనే రాశాను."

"మరి?"

"తాగినవాళ్లు అని రాశాను. ముట్టుకున్నవాళ్లు అని రాయలేదు."

పశువైద్యుడు పిట్ట వైపు తిరిగాడు. "మీరేమైనా చెబుతారా?"

"తెల్ల టేపు, ఎర్ర టేపు సార్," అంది పిట్ట. "సోమవారం చెప్పిందే. ఇంకేం లేదు."

మిగిలిన అయిదు ఎలుకల రెండో సగాలను మళ్లీ కొలవాలని కమిటీ చెప్పింది. ముక్కలు సిద్ధం చేసేది యంత్రమ్మ కాదు. పక్క విభాగం నుంచి ఒక ఆపరేటర్‌ను పిలిపించారు. పిట్ట పక్కన నిలబడి చూడవచ్చన్నారు. అంతకు ముందు ఆ గది బల్లలూ పరికరాలూ కడగాలన్నారు. ద్రావకమున్న ఖాళీ గొట్టం ఒకటి కూడా మెదడు ముక్కతో పాటు తెరవాలి, నూరాలి, తిప్పాలి, పీల్చాలి అని కమిటీ రాసింది. ఆ వాక్యం చేర్చమని అడిగింది యంత్రమ్మే.

శుక్రవారం ఆమె వరండాలో బల్ల మీద కూర్చుంది. తలుపుకున్న అద్దంలోంచి ఆపరేటర్ వీపు, పిట్ట భుజం కనిపించాయి. పాత జోడుతో తెర మీది గీతలు ఆనలేదు. లోపల ఎవరూ మాట్లాడుకోవడం వినిపించలేదు. టీ వచ్చింది, చల్లారింది. సాయంత్రం అవుతుండగా తలుపు తెరుచుకుంది. పిట్ట గుమ్మంలో నిలబడింది.

"ఖాళీది శుభ్రం. అయిదింటిలోనూ లేదు."

"ఏ ఒక్కదానిలోనూ?"

"లేదు."

యంత్రమ్మ లేచి నిలబడింది. ఇంకేదో అనబోయింది. పిట్ట అప్పటికే లోపలికి తిరిగి, ఆపరేటర్‌తో సీసాల మూతల గురించి మాట్లాడుతోంది. గడగడా మాట్లాడుతోంది.

మూడు వారాల కొలతలన్నీ రద్దు చేస్తున్నట్టు మిగతా రెండు బృందాలకూ యంత్రమ్మ ఆ సాయంత్రమే రాసింది. కారణం ఒక్క వాక్యంలో రాసింది. ఒక బృందం కృతజ్ఞతలు చెప్పింది. ఇంకొకటి జవాబివ్వలేదు.

తర్వాతి సోమవారం పిట్ట అనుమతి కొనసాగుతుందని కమిటీ ఉత్తర్వు వచ్చింది. కొత్త గుంపు ఎలుకలకు సూదులు మొదలుపెట్టవచ్చు. మెదడు కొలతలు ఇక్కడే చేయించుకోవాలా, బయట చేయించుకోవాలా అన్నది విద్యార్థిని ఇష్టానికి వదిలారు. పెద్దాయన ఆ కాగితం పిట్ట ముందు పెట్టారు. యంత్రమ్మ కూడా ఆ గదిలోనే ఉంది.

పిట్ట బయటి పరిశోధనశాల పేరు రాసి సంతకం పెట్టింది.